ఆగని తీగ

పెళ్లిళ్ల సీజన్‌లో హైదరాబాద్ దగ్గరి మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతూ ఏ ఫంక్షన్ హాల్ ముందు ఆగినా ఒక చప్పుడు చెవిన పడుతుంది. అది పాటా కాదు, డప్పూ కాదు. పాడే మనిషి మైకు పట్టుకుని స్పీకర్ ముందుకు నడిచిన మరుక్షణం హాలంతా చెవులు మూసుకునేలా ‘కుయ్’మని లేచే కూత. మూలన మిక్సర్ దగ్గర కూర్చున్న సౌండ్ అబ్బాయి ఉలిక్కిపడి ఏదో ఒక మీటను కిందికి లాగుతాడు. కూత ఆగుతుంది. జనం మళ్లీ భోజనాల మీద పడతారు. శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు ఆయనకైనా, ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్టులో రాక్ బ్యాండ్ కుర్రాళ్లకైనా ఈ కూత శత్రువే.

ఈ శత్రువును మచ్చిక చేసుకుని, దాంతో ఒక వాద్యాన్నే తయారుచేసుకున్న గిటారిస్టు ఒకాయన ఉన్నారు. పేరు మైకేల్ బ్రూక్. కెనడాలోని టొరంటో నుంచి వచ్చారు. గిటారిస్టు, రికార్డ్ ప్రొడ్యూసర్, సినిమా సంగీత దర్శకుడు. మన ఊళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువే గానీ, తెలుగువాళ్లకు ఆయనతో ఒక చుట్టరికం ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి 1995లో ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ చేసింది ఈయనే.

రాక్ గిటారిస్టుకూ కర్ణాటక విద్వాంసుడికీ పొత్తు ఎలా కుదిరింది? తూర్పు పడమరలు కలిశాయి అనే మాట వేదికల మీద బాగుంటుంది కానీ దాంతో ఏమీ తెలియదు. అసలు సంగతి ఏమిటంటే, ఇద్దరూ ఒకే చిక్కుముడిని చెరో కొస నుంచీ విప్పారు. మీటిన తీగ ఎందుకు ఆగిపోతుంది, ఆగకుండా ఏం చేయాలి? ఈ ప్రశ్న పట్టుకుని నడిస్తే బ్రూక్ జీవితంలో చాలా భాగం అర్థమవుతుంది. రికార్డ్ ప్రొడ్యూసర్ అనే మనిషి చేసే పనేమిటో కూడా తెలుస్తుంది.

తీగ ఎందుకు అలిసిపోతుంది

వేణువులో ఊపిరి ఊదినంతసేపూ స్వరం ఉంటుంది. వయొలిన్ మీద కమాను నడిచినంతసేపూ ఉంటుంది. వీణ, గిటార్, మాండలిన్ అలా కావు. వాటికి మీటిన ఆ ఒక్క క్షణంలోనే బలం అందుతుంది. ఆ తర్వాత రాబడి లేదు, ఖర్చే. కదిలే తీగ తన బలాన్ని కొంత గాలికి ఇస్తుంది. ఎక్కువ భాగాన్ని తన కింద ఉండే గుర్రం (బ్రిడ్జ్) ద్వారా చెక్క డొల్లకు ఇస్తుంది. డొల్ల కంపిస్తేనే మనకు గట్టిగా వినిపిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. డొల్ల ఎంత బాగా మోగితే తీగ బలం అంత త్వరగా అయిపోతుంది. నెల జీతం మొదటి వారంలోనే దర్జాగా ఖర్చుపెట్టే ఇల్లులాంటిదన్నమాట. మాండలిన్ సరిగ్గా అలాంటి వాద్యం. చిన్న డొల్ల, పొట్టి తీగలు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలుంటాయి. ఒకే శ్రుతిలో ఉండే తీగలు రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే ఖంగుమంటుంది, వెంటనే ఆగుతుంది. అందుకే పొడుగు స్వరం కావాలంటే పడమటి వాద్యకారులు పైకీ కిందికీ ఆగకుండా టకటకా మీటుతూ పోతారు. పాత సినిమా పాటల్లో మాండలిన్ వణికినట్టు వినిపించేది అందుకే.

పడమటి పాటకు ఆ వణుకు సరిపోతుంది. కర్ణాటక సంగీతానికి చాలదు. మన రాగంలో స్వరం ఒకచోట నిలబడి ఉండేది కాదు. పక్క స్వరం దాకా ఊగుతుంది, జారుతుంది, తిరిగి వస్తుంది. ఆ ప్రయాణమే గమకం. దారి మధ్యలోనే నాదం ఆగిపోతే గమకం ఎక్కడ పలుకుతుంది? పైగా జంట తీగలను వేలితో పక్కకు లాగడం కష్టం. అందుకే మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలకదని పెద్దలు అనుకున్నారంటే అది వట్టి పట్టుదల కాదు, దానికి కారణం ఉంది.

పాలకొల్లు దారి

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ల పిల్లవాడు చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి తన గురువు రుద్రరాజు సుబ్బరాజు దగ్గరే కొడుకునూ చేర్చారు. సుబ్బరాజు కర్ణాటక గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. గాయకులే గానీ మాండలిన్ వాయించడం ఆయనకు రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నదాన్ని తీగల మీద వెతుక్కునేవాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. మాండలిన్ వచ్చిన గురువు దొరికి ఉంటే ఆ పిల్లవాడు మాండలిన్ అలవాట్లు నేర్చుకునేవాడు. ఆ వణుకు, ఆ టకటకలు అబ్బేవి. గురువు గాయకుడు కావడంతో ఆ వాద్యానికి ఏది చేతనవునన్న లెక్క లేకుండా, గొంతుకు ఏది చేతనవునో అదే లక్ష్యమైంది. గొంతు ఆగదు కదా, మరి తీగ ఎందుకు ఆగాలి?

శ్రీనివాస్ జవాబు రెండు మార్పుల్లో ఉంది. ఒకటి, జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. వేలు కిందికి ఒక్క తీగే వస్తే దాన్ని లాగొచ్చు, ఊపొచ్చు. రెండోది, డొల్ల మాండలిన్ వదిలి గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. గట్టి చెక్క పెద్దగా మోగదు కాబట్టి తీగ బలాన్ని తొందరగా తాగేయదు. తీగ ఎక్కువసేపు కదులుతుంది. ఆ చిన్న కదలికను తీగ కింద ఉన్న పికప్ పట్టుకుంటుంది. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో కాస్త కరెంటు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. జీతం తీగ దగ్గరే దాచుకుని, దర్జా మాత్రం ఆంప్లిఫయర్ ఖర్చుతో చేసినట్టు. ఎలక్ట్రిక్ గిటార్ కిటుకూ ఇదే.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ల శ్రీనివాస్ తొలి కచేరీ చేశాడు. 1981లో మద్రాసు విన్నది. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్ వేదిక ఎక్కేసరికి అతనికి పద్నాలుగేళ్లు. జాజ్ వినడానికి వచ్చిన జనం అతని మాండలిన్ విని ఇంకా కావాలన్నారు.

టొరంటో దారి

అదే కాలంలో భూగోళానికి అవతలి పక్క మైకేల్ బ్రూక్ ఇదే చిక్కుతో కుస్తీ పడుతున్నారు. రాక్ గిటారిస్టులకు అప్పటికే ఒక మోటు ఉపాయం తెలుసు. గిటార్‌ను ఆంప్లిఫయర్ ముందుకు తెచ్చి నిలబడితే స్పీకర్ లోంచి వచ్చే గాలి ఊపు తీగను మళ్లీ కదిలిస్తుంది. ఆ కదలిక మళ్లీ స్పీకర్‌కు పోతుంది, మళ్లీ తీగకు వస్తుంది. మొయినాబాద్ హాల్లో విన్న కూత పుట్టిందీ ఇలాంటి చక్రంలోనే, అక్కడ తీగకు బదులు మైకు ఉంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. 1964లో బీటిల్స్ ‘ఐ ఫీల్ ఫైన్’ పాట ఇలాంటి మోతతోనే మొదలవుతుంది. తర్వాత గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ దాన్ని గుర్రంలా స్వారీ చేశాడు. కానీ అది కావాలంటే చెవులు పగిలే మోత పెట్టాలి. మెత్తటి పాటలో అది కుదరదు.

చేవెళ్ల దారి తెలిసినవాళ్లకు దీన్ని మర్రిచెట్టుతో చెప్పొచ్చు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు పక్కన వందల కొద్దీ మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు పనుల్లో వాటిని కాపాడాలని జనం గట్టిగా అడిగిన చెట్లవి. మర్రికొమ్మ ఊడను కిందికి దించుతుంది. ఊడ నేలను తాకి వేరై, కాండమై ఆ కొమ్మకే తిండి పెడుతుంది. తాను పుట్టించిన దాని నుంచి తానే బలం పుంజుకోవడం, ఫీడ్‌బ్యాక్ అంటే అంతే.

బ్రూక్ చేసిన పని ఆ చక్రంలోంచి స్పీకర్‌ను తీసేయడం. పికప్ పట్టిన కరెంటును పెద్దది చేసి, గాలి మీదుగా కాకుండా నేరుగా గిటార్‌లోనే అమర్చిన ఇంకో చుట్టకు పంపారు. ఆ చుట్ట అయస్కాంత బలంతో తీగను మళ్లీ కదుపుతుంది. ఉయ్యాల ఊపేటప్పుడు సరైన సమయానికి చిన్న తోపు ఇస్తే చాలు, ఉయ్యాల ఆగదు. వేళ తప్పి తోస్తే ఆగిపోతుంది. ఇక్కడా తోపు తీగ కదలికతో కలిసి పడాలి. కలిస్తే ఎంత మెల్లగా వాయించినా, వేలు తీయనంతసేపూ స్వరం నిలుస్తుంది. తీగ వాద్యానికి కమాను లేకుండానే కమాను వచ్చినట్టు. దీనికి ఆయన ‘ఇన్ఫినిట్ గిటార్’ అని పేరు పెట్టారు. అంతులేని గిటార్ అన్నమాట. చేత్తో పట్టుకుని తీగకు దగ్గరగా పెట్టే ‘ఈబో’ అనే చిన్న పరికరం 1970ల్లోనే వచ్చింది. అయితే దాన్ని పట్టుకుంటే మీటే చెయ్యి దానికే సరిపోతుంది. బ్రూక్ గిటార్‌లో ఆ చెయ్యి ఖాళీ.

ఆ తొలి గిటార్లు మూడే తయారయ్యాయి. ఒకటి బ్రూక్ దగ్గర, ఒకటి కెనడా ప్రొడ్యూసర్ డేనియల్ లాన్వా దగ్గర, ఒకటి యూటూ బ్యాండ్ గిటారిస్టు ది ఎడ్జ్ దగ్గర. 1986లో ‘క్యాప్టివ్’ అనే సినిమా సంగీతానికి ఎడ్జ్, బ్రూక్ కలిసి పనిచేశారు. మరుసటి ఏడాది యూటూ విడుదల చేసిన ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాట అమెరికాలో ఆ బ్యాండ్‌కు మొదటి నంబర్ వన్. అందులో గొంతు వెనక పొగలా సాగే ఆ పొడుగు స్వరం ఈ గిటార్‌దే. కోట్ల మంది విన్నారు. అది ఎవరు చేసిన వాద్యమో విన్నవాళ్లలో చాలామందికి తెలియదు. బ్రూక్ జీవితమంతా ఇంతే, ఆయన పని వినిపిస్తుంది గానీ ఆయన కనిపించరు.

ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు

తెలుగులో ప్రొడ్యూసర్ అనగానే నిర్మాత గుర్తొస్తారు. సినిమాకు పెట్టుబడి పెట్టే మనిషి. రికార్డ్ ప్రొడ్యూసర్ అలా కాదు. డబ్బు రికార్డు కంపెనీది. పాట పుట్టి వినేవాడి చెవి చేరేదాకా దానికి బాధ్యత పడే చెవి ప్రొడ్యూసర్‌ది. ఏ పాట తీసుకోవాలి, ఎంత వేగంలో ఉండాలి, మైకు ఎంత దూరంలో పెట్టాలి, పది సార్లు పాడితే ఏది ఉంచాలి, ఎక్కడ కోయాలి, ఏది వినిపించాలి, ఏది దాచాలి అన్నవన్నీ ఆయన తేల్చేవే. సినిమా భాషలో చెబితే దర్శకుడు, ఎడిటర్ కలిసిన మనిషి. మన సినిమా పాటల్లో ఈ పని సంగీత దర్శకుడు, ప్రోగ్రామర్, సౌండ్ ఇంజినీర్ల మధ్య పంచుకుపోతుంది. అందుకే మనకు దీనికి ప్రత్యేకంగా ఒక పేరు స్థిరపడలేదు.

మల్టీట్రాక్ రికార్డింగ్ వచ్చాకే ఈ పనికి ఇంత బలం వచ్చింది. ఒకే మైకు ముందు అందరూ కూర్చుని వాయిస్తే అది కలిపేసిన పులిహోర. ఉప్పు ఎక్కువైందని తర్వాత తీయలేం. మల్టీట్రాక్‌లో అన్నం ఒక గిన్నెలో, పులుసు ఒక గిన్నెలో, తాలింపు ఒక గిన్నెలో విడివిడిగా ఉంటాయి. మృదంగం ఒక ట్రాక్, గొంతు ఒక ట్రాక్, గిటార్ ఒక ట్రాక్. ఆర్నెల్ల తర్వాతైనా తాలింపు తగ్గించొచ్చు, అన్నం మార్చొచ్చు. ఇంత స్వేచ్ఛ ఉన్నచోట ఏం చేయకూడదో తెలిసిన మనిషి కావాలి.

బ్రూక్ ఈ పనిలోకి సావాసాలతో వచ్చారు. ట్రంపెట్ వాద్యకారుడు జాన్ హాసెల్‌తో పనిచేశారు. ఈ హాసెల్ కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ దగ్గర నేర్చుకున్న మనిషి. అంటే మన ఆలాపన గాలి బ్రూక్‌కు ముందే సోకింది. ప్రొడ్యూసర్లు బ్రయన్ ఈనో, లాన్వాలతో కలిసి 1985లో ‘హైబ్రిడ్’ అనే తొలి ఆల్బమ్ చేశారు. తర్వాత ఇంగ్లండ్‌లో రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ నెలకొల్పిన రియల్ వరల్డ్ స్టూడియో ఆయనకు కార్యక్షేత్రమైంది. సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌డూర్ ‘సెట్’ ఆల్బమ్‌కు 1990లో ప్రొడ్యూసర్ ఆయనే. దుదుక్ అనే ఊదే వాద్యంలో విద్వాంసుడైన ఆర్మేనియా కళాకారుడు జివాన్ గాస్పర్యాన్‌తో 1998లో ‘బ్లాక్ రాక్’ చేశారు. అయితే ఆయనకు పెద్ద పాఠం చెప్పింది మాత్రం ఒక కవ్వాల్, అంటే కవ్వాలీ గాయకుడు.

నుస్రత్ దగ్గర తగిలిన కత్తెర

1990లో వచ్చిన ‘మస్త్ మస్త్’ ఆల్బమ్‌కు పాకిస్తాన్ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు, బ్రూక్ ప్రొడ్యూసర్. కవ్వాలీలో ఒక్కో పాట ఇరవై నిమిషాలు, అరగంట సాగుతుంది. మాట మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కుతుంది. ఇక్కడ ఐదారు నిమిషాల పాటలు కావాలి. అందుకని నుస్రత్ గొంతును ఎక్కువగా స్వరాలూ తానాల కోసం వాడుకుంటూ, పాడినదాన్ని తర్వాత కోసి, అతికి, కొత్త క్రమంలో పేర్చారు.

అక్కడే పొరపాటు జరిగింది. నుస్రత్ పాడిన భాష బ్రూక్‌కు రాదు. చెవికి ఇంపుగా ఉందని కోసిన కొన్నిచోట్ల వాక్యం సగంలో తెగి అర్థం పోయింది. నుస్రత్ ఒప్పుకోలేదు. ఆ ముక్కలు తిరిగి సరిచేయాల్సి వచ్చింది.

ఇది చిన్న విషయం కాదు. మన కీర్తనలో ఒక సంగతిని సగంలో కోసి, ‘రామ’లో ‘రా’ దగ్గర ఆపేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. రాగం తప్పదు, తాళం తప్పదు, అయినా పాట చచ్చిపోతుంది. ఆగకుండా సాగే స్వరాన్ని కనిపెట్టిన మనిషే, పాట ఎక్కడ ఆగకూడదో ఒక కవ్వాల్ దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత 1996లో ఇద్దరూ చేసిన ‘నైట్ సాంగ్’ వింటే తేడా తెలుస్తుంది. అందులో గొంతుకు తొందర లేదు. వెనక వాద్యాలు దాని కోసం చోటు వదిలి నిలబడతాయి. నుస్రత్ 1997 ఆగస్టులో కన్నుమూశారు.

రెండు తీగలు ఒక గదిలో

ఈ రెండు ఆల్బమ్‌ల నడుమ, 1995లో వచ్చింది ‘డ్రీమ్’. శ్రీనివాస్ అప్పటికి పాతికేళ్లు దాటిన విద్వాంసుడు. తీగ మీది స్వరాన్ని గొంతులా ఊపడం ఆయనకు చిన్ననాటి నుంచీ అలవాటు. స్వరాన్ని ఆపకుండా పట్టుకోవడం బ్రూక్‌కు అలవాటు. ఒకరిది గమకం, ఒకరిది నిలకడ. కచేరీలో తంబూరా చేసే పనిని ఇక్కడ గిటార్ తన పద్ధతిలో చేస్తుంది. మీటిన చప్పుడు వినిపించని పొడుగు స్వరాలు నేలలా పరుచుకుంటే వాటి మీద మాండలిన్ నడుస్తుంది. బ్రెజిల్ తాళవాద్యకారుడు నానా వాస్కాన్సెలోస్, కెనడా గాయని జేన్ సిబెరీ వంటివాళ్లూ ఇందులో ఉన్నారు.

ఇది కర్ణాటక రికార్డా? కాదు. రాగాన్ని ఆలాపన నుంచి తానం దాకా విప్పి చూపే పని ఇందులో లేదు. మనోధర్మం నిండుగా కావాలంటే ఆయన కచేరీ రికార్డులే వినాలి. మరి దీని విలువేమిటి? రాక్ రికార్డుల్లో భారతీయ వాద్యాన్ని తరచు అగరొత్తిలా వాడుకున్నారు, కాసేపు వాసన వస్తే చాలన్నట్టు. ఇక్కడ గిటారిస్టే వెనక్కి జరిగాడు. సొంత వాద్యం ఉండీ, మిక్సర్ మీటలన్నీ తన చేతిలోనే ఉండీ ముందు వరసను ఇంకొకరికి వదలడం అందరివల్లా అయ్యే పని కాదు. రికార్డ్ ప్రొడ్యూసర్‌గా బ్రూక్ గొప్పతనం నా లెక్కలో అదే.

శ్రీనివాస్ ఆ తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచం తిరిగారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో, నలభై ఐదేళ్లకే వెళ్లిపోయారు. బ్రూక్ క్రమంగా సినిమాల వైపు మళ్లారు. వాతావరణ మార్పుపై వచ్చిన డాక్యుమెంటరీ ‘యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్’ (2006), ‘ఇంటు ద వైల్డ్’ (2007), ‘ద ఫైటర్’ (2010), ‘బ్రూక్లిన్’ (2015) ఆయన సంగీతం అందించిన చిత్రాలు. నటుడు మాట్లాడుతుంటే వెనక ఉండీ లేనట్టు మోగే సంగీతానికి, స్వరం నిలబెట్టడం తెలిసి, ముందుకు రాకుండా ఉండడం తెలిసిన మనిషి కంటే తగినవారెవరు?

మళ్లీ మొయినాబాద్

మొయినాబాద్ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఫెస్టుల్లో గిటార్ పట్టే పిల్లలున్నారు. వాళ్లలో ఎక్కువమంది వేదిక మధ్యన నిలబడాలని చూస్తారు. అందులో తప్పు లేదు. కానీ మిక్సర్ దగ్గర కూర్చునే పని కూడా సంగీతమేనని ఎవరైనా చెప్పాలి. ఒకప్పుడు పెద్ద స్టూడియోలో తప్ప దొరకని మల్టీట్రాక్ ఇప్పుడు జేబులోని ఫోన్‌లోకి వచ్చింది.

కాబట్టి ఒక సెలవు రోజున చిన్న ప్రయోగం చేయండి. మీ ఊళ్లో బతుకమ్మ పాట, భజన, ఒగ్గు కథ, ఏదో ఒకటి బాగా పాడేవాళ్ల గొంతును ఒక ట్రాక్‌లో పట్టండి. మీ గిటార్ ఇంకో ట్రాక్‌లో పెట్టండి. తర్వాత మీ గిటార్‌ను తగ్గిస్తూ పోండి, పాట ఏ దశలో బాగుపడుతుందో చెవి పెట్టి చూడండి. ఎక్కడైనా కోయాలనిపిస్తే మాత్రం, కత్తెర పెట్టే ముందు పాడినవాళ్లను ఒక్క మాట అడగండి.